నాలుగు జట్లు, ఒక జట్టు: సి.కె. నాయుడు నాటి క్రికెట్ కథ

మాది మర్ఖేల్. నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకా. ఇంట్లో తెలుగు మాట్లాడుతం, బజార్ల మరాఠీ, బస్టాండు దగ్గర హిందీ. కొంచెం దూరం పోతే తెలంగాణ, ఇంకో దిక్కు పోతే కర్ణాటక. ఇట్లాంటి ఊళ్ళో ఉన్న పిల్లలకు క్రికెట్ సీజన్ వచ్చిందంటే ఒక ప్రశ్న తప్పదు: "నీది ఏ టీమ్?" హైదరాబాద్ అంటే "మరి మహారాష్ట్రల ఎందుకున్నవ్?" అంటరు. ముంబై అంటే చుట్టాలు "మనోళ్ళను వదిలిపెట్టినవా?" అంటరు. ఇది నవ్వులాటే. కానీ ఒక్కోసారి నవ్వు ఆగిపోయి కొట్లాట అవుతుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేండ్ల కింద బొంబాయిలో వేలమంది జనం ఇదే ప్రశ్న అడుక్కున్నరు. అప్పుడు జట్లు ఊరి పేరుతో లేవు, మతం పేరుతో ఉండేవి. ఆ జట్ల మధ్య నుంచి పైకి వచ్చి, అందరిదీ అయిన జట్టుకు మొదటి కెప్టెన్ అయిన మనిషి మహారాష్ట్రలో పుట్టిన ఒక తెలుగువాడు. ఆయన పేరు కొఠారి కనకయ్య నాయుడు. అందరూ సి.కె. అంటరు. ఆయన కథ, ఆ జట్ల కథ మా తోటి విద్యార్థులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మతానికో జట్టు

క్రికెట్‌ను మన దేశానికి తెచ్చింది ఇంగ్లీషువాళ్ళు. బొంబాయిలో వాళ్ళకు బాంబే జింఖానా అనే క్లబ్బు 1875లో ఏర్పడింది. అందులో భారతీయులకు సభ్యత్వం లేదు. ఆ ఆటను చూసి ముందుగా నేర్చుకున్నది పార్సీలు. 1877లో పార్సీ జట్టు బాంబే జింఖానా తెల్లవాళ్ళతో ఆడింది. తరువాత యూరోపియన్లు ఒక పక్క, పార్సీలు ఒక పక్క ప్రతి ఏడూ ఆడే పద్ధతి వచ్చింది.

పార్సీలు ఆడితే మేమెందుకు ఆడకూడదని హిందువులు, ముస్లింలు కూడా తమ తమ జింఖానాలు పెట్టుకున్నరు. ముంబైలో మెరైన్ డ్రైవ్ దగ్గర సముద్రం పక్కన ఈ మూడు జింఖానాలు ఇప్పటికీ ఉన్నాయి. 1907లో హిందువుల జట్టు కలిసి మూడు జట్ల పోటీ అయ్యింది. 1912లో ముస్లింల జట్టు చేరి నాలుగు జట్ల పోటీ అయ్యింది. దీన్నే క్వాడ్రాంగులర్ అన్నరు. 1937లో "ది రెస్ట్" అని ఐదో జట్టు వచ్చింది. "మిగిలినవాళ్ళు" అని దాని అర్థం. క్రైస్తవులు, యూదులు, బౌద్ధులు ఇందులో ఆడేవారు. అప్పటి నుంచి దీని పేరు పెంటాంగులర్.

ఈ పోటీ ఆ రోజుల్లో దేశంలో అన్నిటికన్నా పెద్ద క్రికెట్ పండుగ. ఒక్కో జట్టులో ఆ మతానికి చెందిన మంచి ఆటగాళ్ళను దేశం నలుమూలల నుంచి ఏరి తెచ్చేవారు. అంటే ప్రతి జట్టూ ఏరికోరి చేసిన జట్టే. లాహోర్ నుంచి ఒకరు, నాగపూర్ నుంచి ఒకరు, పూనా నుంచి ఒకరు వచ్చేవారు. ఆట నాణ్యత గొప్పగా ఉండేది. కానీ గెలుపు ఓటములు ఊరివి కావు, మతానివి అయ్యేవి. ఆటగాడు ఎంత మంచివాడైనా, పుట్టుకతో వచ్చిన జట్టును మార్చుకోలేడు.

జట్టులోపల కూడా గీతలు

హిందువుల జట్టు అంటే హిందువులందరూ సమానమని కాదు. పల్వాంకర్ బాలూ అనే ఎడమచేతి స్పిన్ బౌలర్ కథ చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆయన దళిత కుటుంబంలో పుట్టినవాడు. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో మైదానం చూసుకునే పని చేస్తూ, వాళ్ళకు నెట్‌లో బంతులు వేసి వేసి బౌలింగ్ నేర్చుకున్నడు. తరువాత పూనాలో హిందువులు ఆయనను జట్టులోకి తీసుకున్నరు. ఆయన బౌలింగ్ కావాలి, కానీ ఆయనతో కలిసి కూర్చోవడం వద్దు. మైదానంలో ఆయన వేసిన బంతిని అందరూ ముట్టుకునేవారు. చాయ్ వేళకు మాత్రం ఆయనకు బయట, వేరే మట్టి కప్పులో పోసేవారు.

1906లో హిందువుల జట్టు బొంబాయిలో యూరోపియన్ల జట్టును 109 పరుగుల తేడాతో ఓడించింది. ఆ గెలుపులో బాలూ బౌలింగ్‌కు పెద్ద పాత్ర ఉంది. 1911లో భారత జట్టు ఇంగ్లండు పోయినప్పుడు ఆయన 100కు పైగా వికెట్లు తీసినడు. అయినా హిందువుల జట్టుకు ఆయనను ఏనాడూ కెప్టెన్ చెయ్యలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌ను కెప్టెన్ చేసినరు. ఆ ఏడు హిందువులు గెలిచినరు. అన్నకు దక్కనిది తమ్ముడికి దక్కింది.

ఇది చదివినప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. గీత గీయడం మొదలుపెడితే అది ఒక్కచోట ఆగదు. ముందు తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు. తరువాత హిందువులు, ముస్లింలు, పార్సీలు. ఆ తరువాత హిందువుల్లో మళ్ళీ పై కులం, కింది కులం. చివరికి చాయ్ కప్పు దాకా గీత వస్తుంది.

నాగపూర్ తెలుగు కుర్రాడు

సి.కె. నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టినడు. ఆయన పెద్దల ఊరు మచిలీపట్నం. కుటుంబం నాగపూర్‌కు వచ్చి స్థిరపడింది. అంటే మన లాగానే తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగు దేశం బయట పెరిగిన పిల్లవాడు. చదువు నాగపూర్‌లో, ఆట నాగపూర్‌లో.

1916లో ఆయన క్వాడ్రాంగులర్‌లో హిందువుల జట్టు తరఫున, యూరోపియన్ల మీద మొదటి మ్యాచ్ ఆడినడు. మొదటి మూడు బంతులు ఆపి, నాలుగో బంతిని సిక్సర్ కొట్టిండని చెప్తరు. ఆ ఆట తీరు చివరి దాకా మారలేదు. పొడవైన మనిషి, నిటారుగా నిలబడి బంతిని గాల్లోకి కొట్టేవాడు. ఆ రోజుల్లో గాల్లోకి కొట్టడం తప్పుగా చూసేవారు. బంతి నేల మీదనే పోవాలని కోచ్‌లు నేర్పేవారు. సి.కె. మాత్రం జనం కోరే ఆట ఆడినడు. 1923లో ఇండోర్ మహారాజు హోల్కర్ ఆయనను పిలిచి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చినడు. అక్కడి నుంచి ఇండోర్ ఆయన ఊరు అయ్యింది.

1926 డిసెంబర్ 1

ఆయన పేరు దేశమంతా మోగిన రోజు ఇది. ఆర్థర్ గిల్లిగన్ కెప్టెన్‌గా ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బాంబే జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో మ్యాచ్. ముందు రోజు ఎం.సి.సి. 363 పరుగులు చేసింది. గై ఎర్ల్ అనే ఆటగాడు ఒక్కడే 8 సిక్సర్లు కొట్టినడు. మనవాళ్ళు ఇట్లా కొట్టగలరా అని జనం అనుకుంటున్న సమయం అది.

తెల్లారి సి.కె. బ్యాటు పట్టినడు. రెండు గంటల లోపే 153 పరుగులు. అందులో 11 సిక్సర్లు. ఒక సిక్సర్ పోయి జింఖానా కప్పు మీద పడింది. ఆ జింఖానా ఏదో గుర్తుంది కదా? భారతీయులకు సభ్యత్వం లేని జింఖానా. లోపలికి రానివ్వని భవనం కప్పు మీదికి మనవాడు బంతిని పంపించినడు. వార్త నగరమంతా పాకి, మధ్యాహ్నానికి పనులు వదిలేసి జనం మైదానానికి పరుగెత్తిండ్రట. చెట్ల మీద, మిద్దెల మీద జనం. ఎం.సి.సి. వాళ్ళు ఆయనకు వెండి బ్యాటు బహుమతిగా ఇచ్చినరు.

ఆ రోజు స్కోరుబోర్డు మీద "హిందువులు" అనే రాసి ఉంది. కానీ చప్పట్లు కొట్టినవాళ్ళలో పార్సీలు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉన్నరు. ఎదుటి జట్టు ఇంగ్లండుది కాబట్టి, సి.కె. కొట్టిన ప్రతి సిక్సరూ అందరిదీ అయ్యింది. భారత జట్టు టెస్టులు ఆడటానికి తగినదే అన్న నమ్మకం గిల్లిగన్‌కు ఈ పర్యటనలోనే కలిగింది. రెండేండ్లకు, 1928 డిసెంబర్‌లో, మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

లార్డ్స్‌లో పదకొండు మంది

1932 జూన్ 25న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో భారతదేశం మొదటి టెస్టు మ్యాచ్ ఆడింది. పర్యటనకు కెప్టెన్‌గా పంపింది పోర్‌బందర్ మహారాజును. ఆ రోజుల్లో రాజులే కెప్టెన్లు కావాలని ఒక పట్టు ఉండేది. కానీ మహారాజు తన ఆట సంగతి తనకు తెలిసినవాడు. టెస్టు రోజు పక్కకు తప్పుకున్నడు. ఉపకెప్టెన్ లింబ్డీ యువరాజుకు గాయం. దాంతో కెప్టెన్సీ సి.కె.కు వచ్చింది. ఇట్లా భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ రాజు కాలేదు, ఆటగాడు అయ్యిండు.

ఆ జట్టులోని పదకొండు మంది పేర్లు ఒకసారి చూడండి. నవ్లే, నవోమల్, వజీర్ అలీ, సి.కె. నాయుడు, కోలా, నజీర్ అలీ, పాలియా, లాల్ సింగ్, జహంగీర్ ఖాన్, అమర్ సింగ్, మహమ్మద్ నిసార్. నలుగురు హిందువులు, నలుగురు ముస్లింలు, ఇద్దరు పార్సీలు, ఒక సిక్కు. లాల్ సింగ్ అయితే మలయా నుంచి వచ్చినవాడు. బొంబాయిలో వీళ్ళలో చాలామంది ఎదురెదురు జట్లు. ఇక్కడ ఒకే జట్టు.

మొదటి ఉదయమే నిసార్ వేగానికి ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకుంది. ఆ ఇన్నింగ్స్‌లో నిసార్‌కు 5 వికెట్లు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా సి.కె. బ్యాటింగ్‌కు వచ్చి 40 పరుగులు చేసినడు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్ళలో అదే ఎక్కువ. రెండో ఇన్నింగ్స్‌లో అమర్ సింగ్ 51 కొట్టినడు. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయినం. అయినా అది తలవంచుకునే ఓటమి కాదు. ఆ పర్యటనలో సి.కె. ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసినడు. 1933లో విజ్డెన్ పుస్తకం ఏటా ఎంపిక చేసే ఐదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయన పేరు వచ్చింది.

అదే ఏడు అమెరికాలో

మన దగ్గర ఇట్లా జరుగుతుంటే ప్రపంచానికి అటు చివర అమెరికాలో ఏం జరిగిందో కూడా చెప్తాను. పోల్చి చూస్తేనే చరిత్ర బాగా తెలుస్తుంది.

అమెరికాలో బేస్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్ అంత పిచ్చి. జట్టుకు తొమ్మిది మంది. గుండ్రటి బ్యాటు. పిచర్ వేసిన బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతి కంచె దాటి పడితే హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. అక్కడ రెండు పెద్ద లీగులు ఉన్నాయి. నేషనల్ లీగ్ 1876లో పుట్టింది. అమెరికన్ లీగ్ 1901 నుంచి దానికి పోటీగా నిలిచింది. రెండింటి మధ్య మొదట్లో బాగా వైరం. ఒకరి ఆటగాళ్ళను ఒకరు లాక్కునేవారు.

1933లో చికాగో నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అప్పుడు దేశంలో పెద్ద ఆర్థిక మాంద్యం, పనులు లేక జనం కష్టాల్లో ఉన్నరు. చికాగో ట్రిబ్యూన్ పత్రిక క్రీడా సంపాదకుడు ఆర్చ్ వార్డ్‌కు ఒక ఆలోచన వచ్చింది. రెండు లీగుల్లోని మేటి ఆటగాళ్ళను ఏరి, లీగుకు ఒక జట్టు చేసి ఆడిస్తే ఎట్ల ఉంటది? ఎవరిని తీసుకోవాలో అభిమానులే పత్రికల ద్వారా ఓట్లు వేసినరు. జూలై 6న చికాగోలోని కోమిస్కీ పార్కులో ఆట. చూడటానికి 47,595 మంది వచ్చినరు. 38 ఏండ్ల బేబ్ రూత్ మూడో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టినడు. అమెరికన్ లీగ్ 4-2తో గెలిచింది. ఆట మీద వచ్చిన డబ్బు కష్టాల్లో ఉన్న పాత ఆటగాళ్ళకు ఇచ్చినరు. ఒక్కసారి కోసం పెట్టిన ఆట అది. జనానికి నచ్చి ఏటా జరిగే పండుగ అయ్యింది. దాన్నే ఆల్ స్టార్ గేమ్ అంటరు.

కానీ ఆ "మేటి ఆటగాళ్ళలో" ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. ఎందుకంటే ఆ రెండు లీగుల్లోకీ వాళ్ళను రానివ్వలేదు. వాళ్ళకు వేరే లీగులు ఉండేవి. అందుకే సుమారు రెండు నెలల తరువాత, సెప్టెంబర్ 10న, అదే కోమిస్కీ పార్కులో నల్లజాతి ఆటగాళ్ళు తమ ఆల్ స్టార్ గేమ్ పెట్టుకున్నరు. దాని పేరు ఈస్ట్-వెస్ట్ గేమ్. ఆ జట్లకు ఓట్లు వేయించినవి నల్లజాతి పత్రికలు. వెస్ట్ జట్టు 11-7తో గెలిచింది. ఒకే మైదానం, ఒకే ఆట, ఒకే ఏడు, రెండు వేరు వేరు పండుగలు.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మైదానంలో దిగేదాకా ఆ గోడ అట్లనే ఉంది. 1949లో మొదటిసారి నల్లజాతి ఆటగాళ్ళు పెద్ద లీగుల ఆల్ స్టార్ గేమ్‌లో ఆడినరు. వాళ్ళలో రాబిన్సన్ ఒకరు.

బొంబాయి, 1933 డిసెంబర్

అదే 1933లో, డిసెంబర్ 15న, మన గడ్డ మీద మొదటి టెస్టు మొదలైంది. ఎక్కడ? మళ్ళీ అదే బాంబే జింఖానా మైదానం. కెప్టెన్ సి.కె. నాయుడు. లాలా అమర్‌నాథ్ తన మొదటి టెస్టులోనే 118 పరుగులు చేసినడు. భారతదేశం తరఫున మొట్టమొదటి టెస్టు సెంచరీ అది. రెండో పక్కన నిలబడి 67 పరుగులు చేసింది సి.కె. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించినరు. మ్యాచ్ ఇంగ్లండే గెలిచింది, కానీ జనానికి ఆ భాగస్వామ్యమే పండుగ.

ఇంకో భాగస్వామ్యం గురించి కూడా చెప్పాలి. ఇండోర్‌లో సి.కె. ఒక ముస్లిం పిల్లవాడి ఆట చూసి చేరదీసి నేర్పినడు. అతనే ముష్తాక్ అలీ. 1936లో ఇంగ్లండులోని ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో ముష్తాక్ అలీ, విజయ్ మర్చంట్ మొదటి వికెట్టుకు 203 పరుగులు చేసినరు. ముష్తాక్ 112, మర్చంట్ 114. విదేశీ గడ్డ మీద భారతీయుడి మొదటి టెస్టు సెంచరీ ముష్తాక్‌దే. బొంబాయి పోటీల్లో ఒకరు ముస్లింల జట్టు, ఒకరు హిందువుల జట్టు.

ఆ 1936 పర్యటనకు కెప్టెన్ విజయనగరం మహారాజ్‌కుమార్. విజ్జీ అనేవారు. ఆయన పేరులోనూ తెలుగు ఊరే ఉంది. మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు మొత్తం 33. డబ్బు, పలుకుబడి ఆయనను కెప్టెన్ చేసినయి. సి.కె. ఆయన కింద ఆటగాడిగా ఆడి, చివరి టెస్టు చివరి ఇన్నింగ్స్‌లో 81 పరుగులు చేసినడు. మన తెలుగువాడు అన్నంత మాత్రాన అందరినీ ఒకే తక్కెట్లో తూచకూడదని ఈ ఇద్దరినీ చూస్తే తెలుస్తుంది.

మతం జట్లు పోయి ఊరి జట్లు

1930 నుంచి 1933 దాకా శాసనోల్లంఘన ఉద్యమం వల్ల క్వాడ్రాంగులర్ జరగలేదు. 1934లో మళ్ళీ మొదలైంది. అదే ఏడు ఇంకొక పోటీ కూడా పుట్టింది. అదే రంజీ ట్రోఫీ. ఇందులో జట్లు మతాన్ని బట్టి కావు, ప్రాంతాన్ని బట్టి. మొదటి మ్యాచ్ మద్రాసు, మైసూరు జట్ల మధ్య 1934 నవంబర్ 4న జరిగింది. రంజీ ట్రోఫీలో మొదటి సెంచరీ కొట్టింది హైదరాబాద్ జట్టు ఆటగాడు సయ్యద్ మహమ్మద్ హాదీ.

ఇక్కడ మన ఊరి సంగతి వస్తుంది. అప్పుడు నాందేడ్ జిల్లా నిజాం గారి హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. అంటే ఆనాడు మర్ఖేల్ పిల్లవాడికి "నీది ఏ టీమ్?" అంటే జవాబు హైదరాబాద్. 1937-38లో హైదరాబాద్ జట్టు నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ గెలిచింది. ఆ ఫైనల్లో 137 పరుగులతో నిలబడి గెలిపించింది ఐబారా అనే పార్సీ ఆటగాడు. ముస్లిం, పార్సీ, హిందూ ఆటగాళ్ళు కలిసిన జట్టు అది. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మన జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది, ముధోల్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. 1960 మే 1న మనది మహారాష్ట్ర అయ్యింది. ఊరు కదలలేదు, పొలాలు కదలలేదు, కానీ జట్టు మారిపోయింది!

మతం జట్ల పోటీ మీద విమర్శ పెరుగుతూ వచ్చింది. 1940 డిసెంబర్‌లో హిందూ జింఖానా వాళ్ళు వార్ధాకు పోయి గాంధీజీని అడిగినరు. ఆటల్లో మతాన్ని బట్టి జట్లు చెయ్యడం తనకు అర్థం కాదని, ఇవి ఆగిపోవాలనేవారితోనే తన సానుభూతి అని ఆయన చెప్పినడు.

అట్లని ఆ పోటీల్లో అంతా చెడే ఉందని చెప్పను. అందులో గొప్ప ఆటలు కూడా జరిగినయి. 1943లో "ది రెస్ట్" జట్టు ఒక ఇన్నింగ్స్‌లో 387 పరుగులు చేస్తే, అందులో 309 ఒక్క విజయ్ హజారేవే. హజారే సాంగ్లీలో పుట్టిన క్రైస్తవుడు. తరువాత భారత జట్టుకు కెప్టెన్ అయ్యిండు. 1944-45 ఫైనల్లో ముస్లింల జట్టు హిందువుల జట్టును ఒక్క వికెట్ తేడాతో ఓడించింది. ఓడిన కెప్టెన్ మర్చంట్ స్వయంగా వాళ్ళ గదికి పోయి అభినందించినడని రాసినరు. ఆటగాళ్ళ మధ్య స్నేహం ఉంది. గీత గీసింది వాళ్ళు కాదు. 1946తో ఆ పోటీ శాశ్వతంగా ఆగిపోయింది.

నేను తెలుసుకున్నది

జట్లు లేకుండా ఆట లేదు. "మాది, మీది" అనుకుంటేనే మజా. అమెరికా లీగులకు పోటీ ఉంది కాబట్టే ఆల్ స్టార్ గేమ్‌కు 47 వేల మంది వచ్చినరు. కాబట్టి జట్లు ఉండటం తప్పు కాదు. అడగాల్సిన ప్రశ్న వేరే: ఆ గీతను మనిషి దాటగలడా, లేదా?

లీగు గీతను దాటవచ్చు. బేబ్ రూత్ అమెరికన్ లీగ్ మనిషి, కానీ చివరికి 1935లో నేషనల్ లీగ్ జట్టుకు పోయి ఆడినడు. ఊరి గీతను కూడా దాటవచ్చు. సి.కె.నే చూడండి. పుట్టింది నాగపూర్. ఎక్కువ కాలం ఆడింది ఇండోర్, అక్కడి హోల్కర్ జట్టుకు కెప్టెన్. 50 ఏండ్ల వయసులో రంజీ ఫైనల్లో 200 పరుగులు చేసినడు. ఆ తరువాత 1953-54లో, 58 ఏండ్ల వయసులో, కొత్తగా ఏర్పడిన ఆంధ్ర జట్టుకు పోయి ఆడినడు. ఆ తరువాత ఉత్తరప్రదేశ్‌కు కూడా ఆడినడు. నాగపూర్‌వాడా, ఇండోర్‌వాడా, తెలుగువాడా అంటే, అన్నీ అయినడు. ఒకటి ఒప్పుకుంటే ఇంకొకటి పోలేదు.

కానీ మతం గీత, కులం గీత, రంగు గీత అట్లాంటివి కావు. వాటిని ఇంకొకరు గీస్తరు. బాలూ ఎన్ని వికెట్లు తీసినా చాయ్ కప్పు మారలేదు. నల్లజాతి ఆటగాడు ఎన్ని హోమ్ రన్లు కొట్టినా 1933 జూలైలో ఆ జట్టులోకి పిలుపు రాలేదు. ఆటలో ప్రతిభకు విలువ లేకుండా చేసే గీతే చెడ్డ గీత.

మాది తెలుగు మాధ్యమం బడి. భాషా అల్పసంఖ్యాకుల బడి అంటరు. మన రాజ్యాంగం 30వ అధికరణం భాషను బట్టి గానీ, మతాన్ని బట్టి గానీ అల్పసంఖ్యాకులైనవాళ్ళకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. "అల్పసంఖ్యాకులు" అంటే ఒక మూలకు కూర్చునేవాళ్ళు అని కొందరు అనుకుంటరు. అట్ల కాదు. తెలుగులో చదువుకుంటనే మేము మరాఠీ కూడా నేర్చుకుంటున్నం. భాష ఇటూ అటూ నడవగలిగిన గీత. గోడ లాంటిది కాదు, గేటు ఉన్న కంచె లాంటిది. తెలుగు బిడ్డ అయినా సి.కె.ను మహారాష్ట్రలో పుట్టిన గొప్పవాడిగా మరాఠీవాళ్ళు కూడా తలుచుకోవచ్చు. అందులో మనకు పోయేది ఏమీ లేదు.

సి.కె. నాయుడు 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూసినడు. 1956లో పద్మభూషణ్ వచ్చింది, క్రికెటర్లలో అది మొదటిది. ఇప్పుడు ఆయన పేరు మీద యువ ఆటగాళ్ళకు ట్రోఫీ ఉంది. బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం కూడా ఆయన పేరు మీదనే. ఆయన మొత్తం ఆడింది 7 టెస్టులే, చేసింది 350 పరుగులే. ఈ లెక్క చూసి "ఇంతేనా?" అనుకుంటే పొరపాటు. టెస్టులు మొదలైనప్పటికే ఆయనకు 36 ఏండ్లు. ఆయన గొప్పతనం పరుగుల్లో కన్నా, ఎదురెదురు జట్లవాళ్ళను ఒక్క కెప్టెన్ కింద నిలబెట్టడంలో ఉంది.

చివరగా మా గురువులకు, పెద్దలకు ఒక మనవి. మన బడి ఆటల పోటీల్లో ఇప్పటిదాకా గల్లీకో జట్టు, వాడకో జట్టు చేసుకుంటున్నం. పొద్దున స్నేహితులుగా వచ్చినవాళ్ళు సాయంత్రం మాట్లాడకుండా పోతున్నరు. ఈ ఏడు ఆ జట్లు ఆడిన తరువాత ఇంకొక ఆట పెడదాం. అన్ని గల్లీల నుంచి మంచి ఆటగాళ్ళను పిల్లలే ఓట్లు వేసి ఏరుకుందాం. ఆడపిల్లలకు కూడా ఓటు ఉండాలి, వాళ్ళ జట్టు కూడా ఉండాలి. ఏరుకున్నవాళ్ళను కలిపి రెండు జట్లు చేసి, పక్క ఊరి మరాఠీ బడి పిల్లలను కూడా పిలుద్దాం. వాళ్ళూ మనమూ చెరి సగం రెండు జట్లలోనూ ఉండాలి. అప్పుడు "నీది ఏ టీమ్?" అని ఎవరన్నా అడిగితే, ఆ రోజు చీటీలో వచ్చిన పేరు చెప్పి నవ్వుతూ ఆడుకోవచ్చు.